గూడు కట్టే విద్య: పుట్టుకతో వచ్చేదా, నేర్చుకునేదా?

జంతువుల నిర్మాణ ప్రవర్తన అంటే ఒక జీవి తాను ఏరి తెచ్చిన సరుకుతోనో, తన ఒంట్లో ఊరిన పదార్థంతోనో, నేలను తవ్వో ఒంటికి వెలుపల ఒక కట్టడాన్ని ఏర్పరచడం. పక్షిగూడు, సాలెగూడు, తేనెపట్టు, చెదపుట్ట, ఎలుక కలుగు, బీవర్ ఆనకట్ట, చింపాంజీ పొద్దుగూకే వేళ కొమ్మలు వంచి వేసుకునే పడక, అన్నీ దీని కిందికే వస్తాయి. వీటిలో చాలావాటి మీద జాతి ముద్ర స్పష్టంగా ఉంటుంది. ఖాళీ గూటిని చూసి అది ఏ పిట్ట కట్టిందో పల్లెటూరి పిల్లలు చెప్పగలరు. ఆ ముద్ర ఒక తరం నుంచి మరో తరానికి ఎలా అందుతోందన్నదే ఈ వ్యాస విషయం.

గూడు కట్టడం నిజానికి ఒక్క పని కాదు. చోటు ఎంచుకోవాలి, సరుకు గుర్తుపట్టాలి, దాన్ని మోసుకురావాలి, మెలివేయాలో అతికించాలో పేర్చాలో తెలియాలి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో తెలియాలి, ఎక్కడైనా చెడితే సరిదిద్దుకోవాలి. వీటిలో కొన్ని పుట్టుకతో వస్తాయి, కొన్ని సాధనతో కుదురుతాయి, కొన్ని పెద్దలను చూస్తే అబ్బుతాయి. సగం లేచిన కట్టడమే చేయించేవీ కొన్ని ఉన్నాయి. అందుకే "సహజాతమా, అభ్యాసమా" అని మొత్తం గూటి గురించి అడిగినంతకాలం శాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే ఉన్నారు. పనిని విడదీసి ఒక్కొక్క అంగం గురించి అడగడం మొదలుపెట్టాక జవాబులు రాసాగాయి.

పాత వాదం

చార్లెస్ డార్విన్ 1859లో వెలువరించిన 'జాతుల ఉత్పత్తి' గ్రంథంలో ఏడో అధ్యాయాన్ని సహజాతానికే కేటాయించాడు. తేనెపట్టులోని ఆరు పలకల గదులు ఆయనకు పెద్ద పరీక్ష పెట్టాయి. లెక్కలు రాని ఈగ ఇంత పొదుపైన ఆకారాన్ని ఎలా కడుతుంది? ఆయన ఎర్రరంగు కలిపిన మైనాన్ని తేనెటీగలకిచ్చి, అవి ఆ మైనాన్ని ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెడుతున్నాయో గమనించాడు. చిన్న చిన్న మార్పులు తరతరాలుగా పోగుపడి ఇంతటి నైపుణ్యం ఏర్పడగలదని, ఇందుకు ప్రకృతి వరణం చాలునని తేల్చాడు.

ప్రకృతి వరణ సిద్ధాంతానికి డార్విన్‌తో సమానంగా కర్త అయిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ పక్షుల విషయంలో దీనికి ఒప్పుకోలేదు. 1867లో పక్షిగూళ్ళ మీద రాసిన వ్యాసంలో ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది: గుడ్డు నాటి నుంచి తన జాతి గూటికి దూరంగా పెరిగిన పక్షి అలాంటి గూడే కడుతుందని ఎవరైనా పరీక్షించి చూశారా? మనుషులు తాతల నాటి ఇళ్ళ నమూనాలోనే ఇళ్ళు కట్టుకుంటారు కదా, పక్షులు కూడా చూసింది గుర్తుపెట్టుకుని, అందుబాటులో ఉన్న సరుకుతో కడుతున్నాయని ఎందుకు అనుకోకూడదు అన్నాడు. ఈ ప్రశ్నకు దక్కవలసినంత గౌరవం దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం పక్షి గూడు సహజాతమేనన్న మాట పాఠ్యపుస్తకాల్లో రుజువైన విషయంలా నిలబడిపోయింది. వాలెస్ అడిగిన పరీక్షలు సరిగ్గా మొదలు కావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

కందిరీగ మట్టిగూడు

పుట్టుకతో వచ్చే విద్యకు తిరుగులేని ఉదాహరణలు ఒంటరిగా బతికే కందిరీగల్లో ఉన్నాయి. గోడ మూలల్లో, తలుపు చట్రాల వెనుక మట్టిగూళ్ళు పెట్టే కందిరీగలు మనకు తెలిసినవే. మన వేదాంత గ్రంథాలు వాడే భ్రమరకీటక న్యాయం వీటిని చూసి పుట్టినదే. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝంకారం చేస్తూ ఉంటే, ఆ పురుగు భ్రమరాన్నే తలచుకుంటూ చివరికి భ్రమరమైపోతుందని ఆ న్యాయం చెబుతుంది. ఒక రకంగా ఇది అభ్యాసవాదమే. గూట్లో జరిగేది వేరు. తల్లి తెచ్చిపెట్టే గొంగళిపురుగు గానీ సాలీడు గానీ తన పిల్లకు మేత. తల్లి గుడ్డు పెట్టి, గూడు మూసి వెళ్ళిపోతుంది. పిల్ల తల్లి ముఖం ఎరగదు, తల్లి మట్టి తెచ్చిన తీరు చూడదు. అయినా పెద్దదై బయటికొచ్చాక అలాంటి గూడే కడుతుంది. నేర్పే గురువు లేడు, చూసి నేర్చుకునే అవకాశమూ లేదు.

ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు జాఁ హెన్రీ ఫాబ్ర్ ఈ విద్యకున్న హద్దులను చూపించాడు. గోడ మీద ఒక కందిరీగ కడుతున్న గూటిని ఆయన పూర్తిగా ఊడదీసేశాడు. కందిరీగ మట్టి తెస్తూనే ఉంది, గూడు లేని ఆ ఖాళీ గోడకే మెత్తుతూ ఉంది. మట్టిగదులు కట్టే ఒక జాతి తేనెటీగ తేనె నింపుతున్న వేళ గది అడుగున కన్నం పెట్టాడు. తేనె కారిపోతున్నా ఈగ నింపడం ఆపలేదు, గుడ్డు పెట్టి మూత వేసి వెళ్ళింది.

1978లో ఎ.పి.స్మిత్ ఆస్ట్రేలియాలోని పారలాస్టర్ అనే మట్టికందిరీగ మీద చేసిన ప్రయోగాలు ఇంకా లోతుగా వెళ్ళాయి. ఈ కందిరీగ నేలలో బొరియ తవ్వి, దాని నోటి మీద మెడ వంచిన గరాటులాంటి మట్టిగొట్టం కడుతుంది. పరాన్నజీవులు లోపలికి దూరకుండా అది కాపలా. కట్టడం సగంలో ఉండగా గొట్టం చుట్టూ మట్టి పోసి ఎత్తు తగ్గిస్తే, కందిరీగ కొలత చూసుకుని మెడను ఇంకా పొడుగ్గా కట్టింది. అంతవరకు తెలివిగానే కనిపిస్తుంది. గరాటు పూర్తయ్యాక పైభాగంలో గుండ్రటి కన్నం చేస్తే మాత్రం దాన్ని పూడ్చడానికి బదులు ఆ కన్నం మీద ఇంకో పూర్తి గరాటు కట్టింది. బొరియ నోరు ఎలా ఉంటుందో ఆ కన్నమూ అలాగే ఉంది, గుండ్రటి కన్నం కనబడితే మొదటి పని మొదలవ్వాలి. కందిరీగకు వారసత్వంగా వచ్చింది గరాటు బొమ్మ కాదని, "ఈ గుర్తు కనిపిస్తే ఈ పని చెయ్యి" అనే ఆదేశాల వరస అని దీన్నుంచి తెలుస్తోంది. ఈ విషయంలో ఇంతకంటే విలువైన ప్రయోగం నాకు కనిపించలేదు.

సాలీడు

గుడ్డులోంచి వచ్చిన కొద్ది రోజులకే సాలీడు పిల్ల గుండ్రటి వల అల్లుతుంది. చిన్నదే అయినా అందులో చక్రపు ఆకుల్లాంటి పోగులు, చట్రం, జిగురు సుడులు అన్నీ ఉంటాయి. పెరిగే వయసంతా వల అల్లడానికి చోటు లేని ఇరుకు గాజుగొట్టాల్లో ఉంచిన సాలీళ్ళు కూడా బయటికి వదిలాక మామూలు వలలే అల్లాయి. 2021లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చీకట్లో సాలీడు ప్రతి కాలి కదలికనూ కెమెరాలతో పట్టి, కంప్యూటర్‌తో విడమరిచి చూశారు. వేర్వేరు సాలీళ్ళు వలను ఒకే దశల వరసలో, ఒకే రకం కదలికలతో కడుతున్నాయని తేలింది.

అలాగని సాలీడు మరయంత్రం కాదు. 1973లో జూడిత్ మైల్స్ అనే పాఠశాల విద్యార్థిని సూచన మేరకు నాసా అరబెల్లా, అనిటా అనే రెండు తోటసాలీళ్ళను స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి పంపింది. సాలీడు తన బరువును ఆసరా చేసుకునే దారాన్ని దించుతుంది, అక్కడ బరువే లేదు. అరబెల్లా మొదట అల్లిన వల చిందరవందరగా వచ్చింది. కొద్ది రోజుల్లో కుదురుకుని, నేల మీది వలకు దగ్గరగా ఉండే వల అల్లింది. భూమ్మీద కూడా అనుభవానికి కొంత చోటుంది. నిలువు వలలు అల్లే సాలీళ్ళు వల కింది భాగాన్ని పెద్దదిగా కడతాయి. అనుభవమున్న సాలీళ్ళలో ఈ తేడా ఎక్కువ. పురుగులు ఎక్కువగా పడే వైపును అవి ఇంకా పెంచుతాయి. ఆకారం వంశపారంపర్యమే, కొలతల సర్దుబాటులో అనుభవం చెయ్యి వేస్తుంది.

కలుగు, జన్యువు

నిర్మాణ ప్రవర్తన వారసత్వంగా వస్తుందనడానికి బలమైన జన్యు సాక్ష్యం అమెరికాలోని పెరోమిస్కస్ ఎలుకల నుంచి వచ్చింది. ఆగ్నేయ రాష్ట్రాల ఇసుక నేలల్లో ఉండే ఓల్డ్‌ఫీల్డ్ ఎలుక పొడవైన ప్రవేశమార్గం, నిద్రించే గది, ఆ గది నుంచి నేల పైపొర దాకా వెళ్ళి ఆగే దొంగదారి తవ్వుతుంది. పాము లోపలికొస్తే పైపొర పగలగొట్టుకుని ఆ దారిన పారిపోతుంది. దాని దగ్గరి బంధువు డీర్ ఎలుకది పొట్టి కలుగు, దొంగదారి ఉండదు. ప్రయోగశాలలో ఎన్నో తరాలుగా పెరిగి, మట్టి ముఖం చూడని ఓల్డ్‌ఫీల్డ్ ఎలుకలను ఇసుకపెట్టెలో వదిలినా తాతముత్తాతల నమూనాలోనే తవ్వాయి.

హోపీ హోక్‌స్ట్రా బృందం ఈ రెండు జాతులను సంకరం చేసింది. కలుగుల్లో నురుగు పోసి గట్టిపడనిచ్చి, ఆ అచ్చులను కొలిచింది. మొదటి తరం సంకరాలన్నీ పొడవైన కలుగులే తవ్వాయి. వాటిని మళ్ళీ డీర్ ఎలుకలతో కలిపినప్పుడు లక్షణాలు విడిపోయాయి. కొన్నింటికి పొడవు వచ్చింది, దొంగదారి రాలేదు. కొన్నింటికి దొంగదారి వచ్చింది, పొడవు రాలేదు. 2013లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన ఫలితం ప్రకారం ప్రవేశమార్గం పొడవు మూడు జన్యు ప్రాంతాలతోనూ, దొంగదారి మరో ప్రాంతంతోనూ ముడిపడి ఉన్నాయి. ఒకే కలుగులో రెండు అంగాలు విడివిడిగా వారసత్వంగా వస్తున్నాయన్నమాట. తర్వాత 2017లో ఇదే బృందం పిల్లలను మార్చి పెంచి చూసింది. ఓల్డ్‌ఫీల్డ్ పిల్లలు పుట్టిన 17 రోజులకే తవ్వడం మొదలుపెడతాయి, డీర్ ఎలుకల పిల్లలకు ఇంకో పది రోజులు పడుతుంది. పరాయి జాతి తల్లి దగ్గర పెరిగినా ఈ తేడా మారలేదు.

ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపల్లో ఇంకా వింతైన సంగతి బయటపడింది. ఆడచేపలను ఆకర్షించడానికి కొన్ని జాతుల మగచేపలు ఇసుకలో గుంట తవ్వుతాయి, ఇంకొన్ని ఇసుకదిబ్బ కడతాయి. రెండింటినీ కలిపి పుట్టించిన సంకర మగచేప ముందు గుంట తవ్వింది, ఆ తర్వాత దిబ్బ కట్టింది. రెండు వంశాల పనులూ దానిలో ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి బయటికొచ్చాయి.

ఒక పాత తగవు

ప్రయోగం పెట్టే తీరే జవాబును ఎలా మార్చేస్తుందో తెల్ల ఎలుకల కథ చెబుతుంది. 1950లో రీస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నోటితో కరచి మోయడానికి ఏ వస్తువూ దొరకకుండా, మేత కూడా పొడి చేసే ఇచ్చి ఎలుకలను పెంచాడు. తర్వాత వాటిని వేరే పెట్టెలోకి మార్చి కాగితపు ముక్కలు ఇచ్చాడు. అవి గూడు కట్టలేదు. వస్తువులను పట్టుకుని మోసే అనుభవం లేకపోతే గూడు కట్టడం రాదని అనుకున్నారు. 1953లో డేనియల్ లెర్మన్ సహజాతవాదుల మీద రాసిన ప్రసిద్ధ విమర్శలో ఈ ప్రయోగాన్ని ఆధారం చేసుకున్నాడు.

ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఐబెల్ ఐబెస్‌ఫెల్ట్ దీన్ని మళ్ళీ చేశాడు, ఒక్క మార్పుతో. ఎలుకలను కొత్త పెట్టెలోకి మార్చకుండా అవి పెరిగిన పెట్టెలోనే సరుకు ఇచ్చాడు. అవి గూడు కట్టాయి. కొత్త చోట బెదిరిన ఎలుక గూడు కట్టదు, చుట్టూ వాసన చూసుకుంటూ తిరుగుతుంది. రీస్ చూసింది చాలావరకు ఆ బెరుకునే. ఐతే ఐబెల్ ఐబెస్‌ఫెల్ట్ ఎలుకలూ అనుభవమున్నవాటిలా కట్టలేదు. సరుకు చేర్చడం, చీల్చడం, గోడను లోపలి నుంచి నెట్టడం అన్నీ వాటికి వచ్చు. వరస మాత్రం తప్పేవి. గోడ లేవకముందే లేని గోడను నెట్టేవి. కదలికలు పుట్టుకతో వచ్చాయి, వాటి క్రమం అనుభవంతో కుదరాలి. తగవులో ఇద్దరికీ కొంత నిజం దక్కింది.

లవ్‌బర్డ్‌ల తడబాటు

విలియం డిల్గర్ 1962లో ప్రచురించిన లవ్‌బర్డ్ సంకరాల పరిశోధన ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునేది. లవ్‌బర్డ్‌లలో ఒక జాతి ఆకుపీలికలను నడుము మీది ఈకల్లో దోపుకుని గూటికి మోస్తుంది. మరో జాతి ముక్కున కరచుకుని మోస్తుంది. వీటి సంకర పిల్లలు పీలికను ఈకల్లో దోపబోయేవి, దోపినా వదలలేకపోయేవి, లేదా జారిపోయేది. ముక్కున పట్టుకున్నప్పుడే పీలిక గూటికి చేరేది. ఏళ్ళు గడిచేకొద్దీ ముక్కుతో మోయడానికి అలవాటుపడ్డాయి. మూడేళ్ళ తర్వాత కూడా పీలిక పట్టగానే మెడ వెనక్కి తిప్పడం మాత్రం మానలేదు. వారసత్వంగా వచ్చిన రెండు పద్ధతుల పోటీని అనుభవం మెల్లగా పరిష్కరించింది, ఆ వారసత్వాన్ని చెరిపివేయలేకపోయింది.

గిజిగాడు, దాని బంధువులు

తాటాకు కొసలకూ, ఈతమట్టలకూ, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ వేలాడే గిజిగాడి గూడు తెలుగునాట పక్షి నైపుణ్యానికి మారుపేరు. గుర్రం జాషువా దాని మీద ఖండిక రాశారు. గూడు అల్లేది మగపిట్టే. వరి ఆకుల నుంచీ, తాటి, ఈత ఆకుల నుంచీ సన్నని పోగులు చీల్చి తెచ్చి, శిరస్త్రాణం ఆకారం దాకా అల్లి ఆగుతుంది. ఆడపిట్టలు వచ్చి ఆ సగం గూటిని పరీక్షిస్తాయి. నచ్చితే గది, కింది గొట్టం పూర్తవుతాయి, మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఈ పద్ధతిని సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరంలోని కీహిం దగ్గర గమనించి, మరుసటి ఏడు ప్రచురించారు. పక్షిశాస్త్రంలో ఆయన పేరు నిలబెట్టిన తొలి పని అదే.

గిజిగాడి ఆఫ్రికా బంధువు విలేజ్ వీవర్ మీద నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులు లాస్ ఏంజెలిస్‌లో 1960లలో చేసిన ప్రయోగాలు వాలెస్ ప్రశ్నకు తొలి గట్టి జవాబు. గూటి సరుకు అందకుండా పెంచిన మగపిల్లలకు తర్వాత గడ్డి ఇస్తే మొదట్లో ఒక్క పోగు కూడా సరిగ్గా అల్లలేకపోయాయి. సరుకుతో ఆడుకుంటూ పెరిగినవి వాటికంటే చాలా ముందున్నాయి. లేతవయసు మగపిట్టలు పోగులను కరవడం, పీకడం, గుచ్చడం, వదిలేయడం చేస్తూ ఉంటాయి. అది ఆటలా కనిపించే సాధన. వాటి తొలి గూళ్ళు వదులుగా, వంకరగా ఉంటాయి, ఆడపిట్టలు వాటిని చూసి వెళ్ళిపోతాయి. పచ్చరంగు మీద మక్కువ మాత్రం సాధన లేకుండానే ఉంది. లేత పచ్చి పోగే వంగుతుంది కనుక ఆ మక్కువ అల్లికకు అక్కరకొస్తుంది. ఆడపిట్ట మెచ్చని గూడు పచ్చదనం తగ్గి ఎండిపోయేసరికి మగపిట్ట దాన్ని పీకేసి మళ్ళీ మొదలుపెడుతుంది. అలా ప్రతి ఋతువులోనూ దానికి ఎన్నో గూళ్ళు అల్లే సాధన దొరుకుతుంది.

మరి ఆకారం ఎక్కడినుంచి వస్తోంది? మగపిట్ట ముందు నిలువుగా ఒక వలయం అల్లుతుంది. ఆ వలయంలో ఎప్పుడూ ఒకే వైపు తిరిగి నిలబడి, ముక్కు అందినంత మేర చుట్టూ అల్లుకుంటూ పోతుంది. గది కొలత దాని మెడ పొడవే. బుర్రలో గూటి పటం లేకపోయినా, నిలబడే చోటూ తిరిగే దిక్కూ మారకుండా ఉంటే ఒకే ఆకారం వస్తుంది. అల్లిక చెయ్యి తిరగడం సాధన వల్ల, ఆకారం నిలకడ ఈ నిలబడే పద్ధతి వల్ల అని నేను అర్థం చేసుకుంటున్నాను.

2011లో బోట్స్‌వానాలో సదరన్ మాస్క్‌డ్ వీవర్ పక్షులను వీడియో తీసి పరిశీలించిన పాట్రిక్ వాల్ష్, స్యూ హీలీ బృందం ఇంకో విషయం చెప్పింది. ఒకే పిట్ట ఒక్కో గూటిని ఒక్కో తీరులో కడుతోంది. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకొకటి కుడి నుంచి ఎడమకి. గూళ్ళు కట్టేకొద్దీ నోటి నుంచి జారిపోయే గడ్డిపోగులు తగ్గాయి. అచ్చుపోసిన సహజాతమే ఐతే ఈ మార్పు ఉండకూడదు.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో హీలీ బృందం ఆస్ట్రేలియా జీబ్రా ఫించ్‌ల మీద చేసిన పని ఇంకా స్పష్టమైంది. మెత్తటి దారంతో ఒకసారి గూడు కట్టిన ఫించ్‌లు రెండోసారి గట్టి దారాన్ని ఎంచుకున్నాయి. గట్టి దారంతో తక్కువ ముక్కల్లోనే గూడు నిలుస్తుంది. తమకిష్టం లేని రంగు సరుకుతో కట్టిన గూట్లో పిల్లలు బాగా ఎదిగితే, తర్వాతిసారి మగపిట్ట ఆ రంగు వైపు మొగ్గింది. పంజరం గోడలకు అంటించిన రంగు కాగితానికి కలిసిపోయే రంగునే ఎక్కువగా వాడాయి. తొలిసారి గూడు కడుతున్న మగపిట్ట ముందు పరిచయమున్న మగపిట్ట ఒక రంగు సరుకు వాడుతూ కనిపిస్తే, తన ఇష్టం వదిలి ఆ రంగు తీసుకుంది. తెలియని పిట్ట చేస్తే పట్టించుకోలేదు. సరుకు ఎంపికలో పక్షి అనుభవమూ, తోటివారి ప్రభావమూ రెండూ పనిచేస్తున్నాయని ఈ ప్రయోగాల తర్వాత కాదనలేం.

గుంపు సంప్రదాయం

దక్షిణాఫ్రికా కలహారి ఎడారిలో వైట్‌బ్రౌడ్ స్పారో వీవర్‌లు కుటుంబాలుగా కలిసి గడ్డితో గూళ్ళు కడతాయి. 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన 43 గుంపుల గూళ్ళను, నాలుగువందలకు పైగా కట్టడాలను కొలిచింది. పక్కపక్కనే ఉండే గుంపుల్లో ఒకటి పొట్టి గొట్టాలు, ఇంకొకటి పొడుగు గొట్టాలు కడుతోంది. వాతావరణం, చెట్టు ఎత్తు, జన్యు సామీప్యం ఈ తేడాలను వివరించలేకపోయాయి. వేరే గుంపు నుంచి వచ్చి చేరిన పిట్ట కూడా చేరిన చోటి పద్ధతిలోనే కడుతోంది. ఒక పక్షి జాతిలో వాస్తు సంప్రదాయాలున్నాయనడానికి ఇది గట్టి ఆధారం.

న్యూగినియా బవర్‌బర్డ్‌ల సంగతి ఇంతకు ముందే తెలుసు. వీటిలో మగపిట్ట కట్టేది ఆడపిట్టను ఆకట్టుకునే పందిరి, గుడ్లు పెట్టే గూడు కాదు. వోగెల్‌కోప్ బవర్‌బర్డ్ కొన్ని కొండల్లో పుల్లల పందిరి గుడిసె కట్టి, రంగురంగుల పళ్ళు, పూలు పరుస్తుంది. మరికొన్ని కొండల్లో గుడిసె లేకుండా ఎత్తైన పుల్లల స్తంభం కట్టి, నల్లని, గోధుమరంగు వస్తువులే పెడుతుంది. ఈ తేడాలను జారెడ్ డైమండ్ 1980లలో వివరించాడు. ఆ సమూహాల మధ్య జన్యు భేదం చాలా తక్కువ. మరో జాతి సాటిన్ బవర్‌బర్డ్‌లో మగపిట్టలకు పెద్ద ఈకలు రావడానికి దాదాపు ఏడేళ్ళు పడుతుంది. ఆ ఏడేళ్ళూ పెద్దల పందిళ్ళ దగ్గర చూస్తూ, తాము కట్టి పడగొట్టుకుంటూ గడుపుతాయి.

కట్టడమే చెప్పే పాఠం

చెదపుట్టకు మేస్త్రీ లేడు. కూలి చెదలు చాలావరకు గుడ్డివి, ఏ ఒక్కటీ పుట్ట మొత్తాన్ని ఎరగదు. 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ పాల్ గ్రాసె దీన్ని వివరిస్తూ స్టిగ్మెర్జీ అనే మాటను రూపొందించాడు. అప్పటికి లేచిన కట్టడమే తర్వాతి పనిని పురిగొల్పుతుందని దాని భావం. మనుషులు ఇల్లు కట్టేచోట కూలీలు మారినా సగం లేచిన గోడ తర్వాతి వరస ఎక్కడ పేర్చాలో చెబుతుంది. అలాగే ఒక చెద పెట్టిన మట్టిముద్ద ఇంకో చెదను అక్కడే ముద్ద పెట్టమంటుంది. వారసత్వంగా వచ్చే నియమం చిన్నది, దాని ఫలితంగా లేచే పుట్ట మాత్రం మనిషి ఎత్తును మించుతుంది. మన దేశంలో సర్వసాధారణమైన ఓడోంటోటెర్మిస్ ఒబెసస్ చెదపుట్టలను బెంగళూరులో పరీక్షించి 2015లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పగలు పుట్ట అంచులు ముందుగా వేడెక్కి గాలి అంచుల్లో పైకి, నడుమ కిందికి తిరుగుతుంది. రాత్రి ఇది తిరగబడుతుంది. పుట్ట అలా ఊపిరి తీస్తుంది. ఆ గాలి లెక్క ఏ చెద తలలోనూ లేదు.

కట్టడం నుంచి కట్టడానికి సంప్రదాయం దిగగలదని 2024లో బ్రెజిల్‌లోని కొండిలేని తేనెటీగల మీద చేసిన పరిశోధన చూపింది. స్కాప్టోట్రైగోనా డెపిలిస్ పట్టుల్లో చాలావాటిలో మైనపు అరలు అంతస్తులుగా ఉంటాయి, కొన్నింటిలో సుడిమెట్లలా తిరుగుతాయి. ఒక పట్టు ఈగలను ఇంకో పట్టులో పెడితే, అక్కడున్న పద్ధతినే కొనసాగించాయి. జన్యువు మారలేదు, పెద్ద ఈగ చూపించనూ లేదు. ముందున్న మైనమే దారి చూపింది. పుట్టుక, అభ్యాసం అనే రెండు గదుల్లో దేనిలోనూ ఇది ఇమడదు. అందుకే ఈ విషయాన్ని ఇంత ముఖ్యంగా చెబుతున్నాను.

బీవర్

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్స్ విల్సన్ 1960లలో పసితనం నుంచి చేతిలో పెంచిన బీవర్‌లు, ఏ పెద్ద బీవర్ కట్టడమూ చూడకుండానే ఆనకట్ట కట్టాయి. నీరు పారే శబ్దం వాటిని పనికి లేపుతుంది. సిమెంటు నేల మీద ఆ శబ్దాన్ని లౌడ్‌స్పీకర్‌లో వినిపిస్తే, నీటిబొట్టు లేకపోయినా దాని మీద పుల్లలు పోగుచేశాయి. ఫ్రాన్స్‌లో రిషార్ చేసిన పరిశీలనల్లో మాత్రం అడవి బీవర్‌లు చప్పుడు లేకుండా నీరు లాగేసే గొట్టాన్నీ చివరికి పసిగట్టి బురదతో మూసేశాయి. కట్టే పూనిక పుట్టుకతో వస్తుంది, ఎక్కడ కట్టాలన్న వివేకం అనుభవంతో పెరుగుతుంది.

వానరాలు

అభ్యాసం పాలు అత్యధికంగా ఉన్నది మన దగ్గరి బంధువుల్లోనే. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ దాదాపు ప్రతి రాత్రీ కొత్త పడక కట్టుకుంటాయి. 1962లో ఇర్విన్ బెర్న్‌స్టీన్ బందీ చింపాంజీలకు ఆకులూ కొమ్మలూ ఇచ్చి చూశాడు. అడవిలో పుట్టినవి పడక వేసుకున్నాయి. బోనులో పుట్టినవాటిలో చాలావాటికి ఆ సరుకుతో ఏం చేయాలో తోచలేదు.

సుమత్రాలోని సువాక్ అడవిలో ఒరాంగుటాన్‌లను ఏళ్ళ తరబడి వెంబడించిన పరిశోధకులు నేర్చుకునే తీరును దగ్గరగా చూశారు. పిల్ల తల్లి చేతులకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి, పడక కట్టడాన్ని కళ్ళార్పకుండా చూస్తుంది. అలా చూసిన తర్వాతే తానూ కొమ్మలు వంచే ప్రయత్నం ఎక్కువ చేస్తుంది. పక్కనే ఉన్నా చూడకపోతే ఆ ప్రయత్నం కనిపించదు. పడకకు వాడే చెట్ల ఎంపిక కూడా తల్లి నుంచే మొదలవుతుంది. పిల్ల పెద్దదయ్యేకొద్దీ ఇతర ఒరాంగుటాన్‌లను కూడా చూస్తుంది. తొలి ఏడాదిలోనే ఆడుతూ పుల్లలు విరిచే పిల్లకు నిద్రపోదగిన పడక కట్టడం కుదరడానికి ఏళ్ళు పడుతుంది. ఈ కాలమంతా అది తల్లి వెంటే ఉంటుంది.

ఈ తేడా వన్యప్రాణి సంరక్షణలో రోజూ ఎదురయ్యే విషయం. తల్లి లేకుండా పెరిగిన కందిరీగకో సాలీడుకో గూడు నేర్పనక్కర్లేదు. తల్లిని చంపి ఎత్తుకొచ్చిన ఒరాంగుటాన్ పిల్లకు ఆ విద్య అందదు. బోర్నియో పునరావాస కేంద్రాల్లో సంరక్షకులు అలాంటి అనాథ పిల్లలను రోజూ అడవిబడికి తీసుకెళ్ళి కొమ్మలు వంచి పడక వేయడం నేర్పుతారు. వాటిని తిరిగి అడవిలో వదిలే ముందు చూసే అర్హతల్లో పడక కట్టుకోగలగడం ఒకటి.